అవతల దిబ్బలో చూడదగిన ఏడు స్థలాలు

మా అమ్మ పోయిన ఆరు నెలలకు, తెనాలి ఇంట్లో ఆమె బైబిలు తీసి దుమ్ము దులుపుతుంటే, కీర్తనల గ్రంథం మధ్యలోంచి నాలుగు మడతల కాగితం జారి ఒళ్ళో పడింది. ప్రేమలేఖేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. మా నాన్న సంగతి తెలిసినదాన్ని గనక ఆ ఆశ అంతకంటే ఎక్కువసేపు నిలవలేదు. విప్పి చూస్తే పైన ఎర్రసిరాతో, కింద రెండు గీతలతో, "అవతల దిబ్బ ద్వీపము నందు చూడదగిన స్థలములు" అని ఉంది. దాని కింద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. కాగితం వెనక పెన్సిలుతో మా పేర్లు, పేర్ల ఎదురుగా స్థలానికో వాక్యం. మొదటి అంకె పక్కన రాసినదాన్ని మాత్రం కొట్టేసి ఉంది. ఆ కొట్టివేత కూడా స్కేలు పెట్టి గీసిందే.

మా నాన్న తెనాలిలో హైస్కూలు భూగోళం మాస్టారు. నైలునది డెల్టాను కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసేవాడు. తను పాఠం చెప్పిన ప్రదేశాల్లో ఒక్కటీ చూడలేదు. వేసవి సెలవుల తర్వాత స్టాఫ్‌రూములో మిగతా మాస్టార్లు ఊటీ గురించి, కొడైకెనాల్ గురించి చెప్పుకుంటుంటే ఆయన విని ఊరుకోవలసి వచ్చేది. లెక్కల మాస్టారు ఊటీలో చలి గురించి చెబుతుంటే, ఊటీ ఎత్తు ఎన్ని అడుగులో మా నాన్న చెప్పేవాడు. దానివల్ల గౌరవం పెరిగినట్టు కనబడలేదు. అందుకని ఒక ఏడాది ఆయన నిర్ణయం తీసుకున్నాడు. మాకూ వేసవి విహారం ఉంటుంది, అదీ ద్వీపానికి. మాస్టార్లలో ఎవరూ ద్వీపం చూసినవాళ్ళు లేరు.

ద్వీపం ఎలా దొరికిందంటే, మా నాన్న అక్కయ్య, మా మరియమ్మత్తయ్య, అక్కడ ఉండేది. ఆమె భర్త అక్కడి చిన్న చర్చిలో ఉపదేశి. ఆదివారం ప్రసంగం చేసేవాడు, మిగతా రోజుల్లో అదే తాటాకుల పాకలో పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు. పన్నెండు గడపల ఊరు. పటంలో పేరు లేదు. అడవులదీవి వాళ్ళు "అవతల దిబ్బ" అనేవారు. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు, అక్కడినుంచి బస్సు, అడవులదీవి దాటాక కాలినడక, ఆపైన మడ అడవుల మధ్య కాలవలో పడవ. పడవ దిగేసరికి మా అమ్మ తెచ్చిన పులిహోర పులుపు పెరిగి, నేనూ మా తమ్ముడు ప్రభాకరూ మాట్లాడుకోవడం మానేసి ఉండేవాళ్ళం. అత్తయ్య ఒడ్డున నిలబడి, "వచ్చార్రా, ఎండలో పడి వచ్చార్రా," అని కేకలు పెడుతూ మా చేతుల్లో మజ్జిగ గ్లాసులు పెట్టేది. ఆ గ్లాసులకు చేపల వాసన, పొగ వాసన, చర్చి చాపల వాసన కలిపి ఉండేవి. ఇప్పటికీ మజ్జిగలో ఆ వాసన లేకపోతే నాకు ఏదో తక్కువైనట్టే అనిపిస్తుంది.

ద్వీపం దొరికింది గానీ అందులో చూడడానికి ఏమీ లేదు. ఇసుక, రెండు తాటిచెట్లు, వలలు, ఎండ. దీనికి మా నాన్న నిరుత్సాహపడలేదు. మొదటి రోజే నోటుబుక్కు పట్టుకుని ఒంటరిగా దిబ్బంతా తిరిగి వచ్చి, ఏడు చూడదగిన స్థలాలు ఉన్నాయని ప్రకటించాడు. చూడదగిన స్థలానికి ఆయన మూడు లక్షణాలు పెట్టాడు: దానికి పేరుండాలి, దాని వెనక ఒక కథ ఉండాలి, అక్కడికి నడిచి వెళ్ళాలి. జాబితాలో రెండోది దీపస్తంభం. అది దీపం లేని ఇనుపస్తంభం. మూడోది ఓడ లంగరు. ఓడ ఏదో ఎవరికీ తెలియదు, అది లంగరేనా అన్న సందేహం కూడా ఊళ్ళో ఉండేది. నాలుగోది మూడు తాళవృక్షాలు. ఉన్నవి రెండే. మూడోది మేము వెళ్ళడానికి ముందే పడిపోయింది. నాన్న దాని మొదలు చూపించి, అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో వర్ణించేవాడు. ఎర్ర పీతలు తిరిగే బురదనేల, మడ అడవిలో కాలవ మలుపు, చివరగా ఏడోది సముద్రం.

"సముద్రం ఏడోదేంటండీ?" అంది మా అమ్మ.

"అది అన్ని చోట్లా ఉంటుంది. దీని ప్రత్యేకత కాదు," అన్నాడు నాన్న.

ఒకటో అంకె ఎప్పుడూ మంచినీటి చెలమదే. ఊరికి తూర్పున ఇసుకదిబ్బ నీడలో మోకాలి లోతు గొయ్యి. చుట్టూ ఉప్పు సముద్రం ఉన్న చోట ఆ గోతిలో తియ్యటి నీళ్ళు ఊరేవి. అదే ఆ ఊరి బతుకు. పొద్దున్నే దీనమ్మ అనే ఆవిడ, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పెద్ద, కొబ్బరిచిప్పతో ఇంత నీరు ముంచి నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, మింగి, తల ఊపేది. ఆ తల ఊగితేనే మిగతావాళ్ళు బిందెలు దించుకునేవారు. ఇంటికి రెండు బిందెలు. ఒకరు ముంచాక మళ్ళీ ఊరే దాకా తరువాతి వాళ్ళు ఆగాలి. ఇసుక కూరుకుపోతే చేతులతోనే తీయాలి, చెలమలో పార దించకూడదు. మా నాన్న అన్నిటికంటే గర్వంగా మాకు చూపించింది ఈ చెలమనే. స్టాఫ్‌రూములో దీని గురించి చెప్పినప్పుడు లెక్కల మాస్టారు సైతం "నిజమా?" అన్నాడట. ఆ "నిజమా"ను నాన్న ఏడాది పొడుగునా మాకు వినిపించాడు.

ప్రతి స్థలం దగ్గరా ఒక పద్ధతి ఉండేది. ఎత్తు వరసలో నిలబడాలి. ఒక నిమిషం మౌనంగా చూడాలి. తరువాత ఒక్కొక్కరూ ఒక్కో పరిశీలన చెప్పాలి, ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. మా అమ్మ నాన్నకంటే బెత్తెడు పొడుగు. ఎత్తు వరసలో ఈ సంగతి బయటపడుతుంది గనక నాన్న తనను తాను పర్యవేక్షకుడిగా నియమించుకుని వరస బయట నిలబడేవాడు. మొదట అమ్మ, తరువాత నేను, చివర ప్రభాకర్. అమ్మ ప్రతి చోటా ఒకే మాట చెప్పేది: "ఎండగా ఉంది." నాన్న ముఖంలో ఏ మార్పూ లేకుండా అది రాసుకునేవాడు. అమ్మ మొదట చెప్పేస్తుంది గనక ఆ వాక్యం ఇంకెవరికీ దక్కేది కాదు. నేను లంగరు ముందు నిలబడి "తుప్పు పట్టింది", స్తంభం ముందు "ఇది కూడా తుప్పు పట్టింది" అని వెతుక్కుంటూ, అమ్మ అదృష్టానికి కుళ్ళుకునేదాన్ని. తెనాలి వెళ్ళాక ఈ వాక్యాలన్నీ చర్చి పాటల పుస్తకానికి అట్ట వేసినంత శ్రద్ధగా ఆయన తిరగరాసేవాడు.

నాలుగు వేసవులు అలా గడిచాయి. అయిదో వేసవిలో నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడాది వానలు సరిగ్గా లేక చెలమ నెమ్మదించింది. పొద్దున మొదలైన బిందెల వరస మధ్యాహ్నం దాకా సాగేది. ఆడవాళ్ళు ఇసుకలో కూర్చుని, చెంగు తలమీద కప్పుకుని, తమ వంతు కోసం చూసేవారు. మా అత్తయ్య కూడా ఉండేది. మేము నలుగురం వచ్చాం గనక ఆమెకు రెండు బిందెలు చాలేవి కావు, దీనమ్మ మూడో బిందె ఇప్పించేది. ఎవరూ ఏమీ అనలేదు. అది మా నాన్నకు తగిలింది. తాము తాగే నీళ్ళకు పన్నెండు ఇళ్ళవాళ్ళు ఎండలో కూర్చుంటున్నారని ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు ముఖం వెలిగింది. ఆ వెలుగు మాకు తెలుసు, ఏడు స్థలాలు కనిపెట్టిన రోజున ఉన్నది అదే.

శనివారం సాయంత్రం నేను అత్తయ్య బిందె దగ్గర కాపలా కూర్చుని ఉంటే దీనమ్మ నా పక్కన చతికిలబడి, చేత్తో ఇసుక తీస్తూ చెప్పింది. "పాపా, ఎన్ని నీళ్ళు కావాలన్నా లోతు చెయ్యకూడదమ్మా. పైన ఉన్నయ్యే మనయ్యి. కింద ఉన్నయ్యి సముద్రానియ్యి." ఆమె కూతురు కరుణ, నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దది, "మా అమ్మ రోజూ చెప్పే పాఠం ఇదే," అని నవ్వింది.

మర్నాడు ఆదివారం. నాన్న తలనొప్పి అని చర్చికి రాలేనన్నాడు. లూథరన్ కుటుంబంలో ఆదివారం తలనొప్పి రావడం చిన్న విషయం కాదు. అత్తయ్య ఆయన నుదుటిమీద చెయ్యిపెట్టి చూసి, నన్ను తోడు ఉంచి వెళ్ళింది. పాటలు మొదలవగానే నాన్న మంచం మీంచి లేచి, వంటపాక వెనకనుంచి పార తీశాడు. "వాళ్ళు వచ్చేసరికి ఊరంతటికీ నీళ్ళుండాలి," అన్నాడు. "భూగర్భ జలం గురించి వీళ్ళకు తెలియదు పాపం. ఇంకో నాలుగడుగులు దిగితే ధార తగులుతుంది."

నాకు దీనమ్మ మాట గుర్తుంది. నాలుక చివరన ఉంది. కానీ మా నాన్న పంచె ఎగ్గట్టి, చొక్కా విప్పి, జీవితంలో మొదటిసారి పాఠం చెప్పకుండా పని చేస్తున్నాడు. ఈల వేస్తున్నాడు. ఆయనకు ఈల వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నేను చెప్పలేదు. తట్టతో ఇసుక ఎత్తి పోశాను. అటు చర్చిలోంచి మా మామయ్య ప్రసంగం, ఇటు పార చప్పుడు. ఆయన ఛాతీ లోతు దిగేసరికి నీళ్ళు బుసబుసమని పైకి వచ్చాయి. పన్నెండు ఇళ్ళకు కాదు, తెనాలి మొత్తానికి సరిపోయేటన్ని వచ్చాయి. నాన్న దోసిలి పట్టి తాగాడు. ఆగాడు. మళ్ళీ తాగాడు.

"కొంచెం ఉప్పగా ఉంది. సర్దుకుంటుంది," అన్నాడు.

సర్దుకోలేదు. చర్చి వదిలాక అందరూ వచ్చి గోతి చుట్టూ నిలబడ్డారు. దీనమ్మ చిప్పతో ముంచి, నోట్లో పోసుకుని, ఉమ్మేయకుండా మింగింది. తల ఊపలేదు. గోతిలో నడుముల దాకా నీళ్ళలో నిలబడి ఉన్న మా నాన్నను చూసి, "పర్లేదండి మాస్టారూ, పైకి రండి," అంది. తక్కినవాళ్ళు కూడా అదే అన్నారు. పర్లేదండి. పర్లేదులెండి. ఆ ఊళ్ళో తిట్టడం చేతకాక కాదు, వలలు చిక్కుపడినప్పుడు వాళ్ళ మాటలు విన్నవాళ్ళం. ఒక్కరైనా ఆయన్ని తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అత్తయ్య మాత్రం, "తలనొప్పి తగ్గిందా తమ్ముడూ?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

దీనమ్మ దిబ్బ పడమటి వైపు వెతికి, రెండు చోట్ల చేత్తో తీసి చూసి, మూడో చోట ఇంకో చెలమ పెట్టింది. అందులో నీళ్ళు తియ్యగా మారడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా నాన్న పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పడవలో అడవులదీవి వైపు వెళ్ళి, బిందెల్లో నీళ్ళు తెచ్చి ఇంటింటికీ తనే పోశాడు. భుజాలు బొబ్బలెక్కాయి. ఎవరి ఇంటి ముందు బిందె దించినా "పర్లేదండి మాస్టారూ, మీకెందుకండీ శ్రమ" అనేవారు. ఆయన తల వంచుకుని తరువాతి గడపకు వెళ్ళేవాడు. ఆ వేసవి మేము ఒక్క స్థలమూ చూడలేదు, ఎత్తు వరసలో నిలబడలేదు. తిరుగు ప్రయాణంలో రేపల్లె స్టేషన్లో కదలని రైలులో కూర్చుని నాన్న కిటికీ బయటికి చూస్తున్నాడు. అమ్మ ఆయన వైపు కొంచెం జరిగి, "ఎండగా ఉందండీ," అంది. ఆయన "ఊఁ" అన్నాడు. తొమ్మిది రోజుల్లో అమ్మతో ఆయన మాట్లాడింది అదేననుకుంటాను.

తరువాత మేము వెళ్ళలేదు. ఏడాది తిరక్కుండా మామయ్యకు చేబ్రోలు బదిలీ అయింది, వెళ్ళకపోవడానికి మర్యాదైన కారణం దొరికింది. జూన్‌లో స్టాఫ్‌రూములో ఎవరైనా అడిగితే నాన్న "ఈసారి ఎక్కడికీ వెళ్ళలేదండి" అనేవాడు. తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతుందనీ, మధ్యలో గోడలేవీ ఉండవనీ ఏదో పుస్తకంలో చదివి, ఆ పేజీకి గుర్తు పెట్టుకున్నాడు. ఆ పాఠం పదో తరగతిలో లేదు. ఆయన మాత్రం రిటైరయ్యే దాకా పదో తరగతికి చెబుతూనే ఉన్నాడు. చివరి రోజుల్లో ఒకసారి, "వాళ్ళు మనల్ని తలుచుకుంటే ఏమని తలుచుకుంటారో," అన్నాడు. ఎవరని అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. దీనమ్మ మాట అప్పుడూ చెప్పలేదు.

ఈ వేసవి బాపట్లలో ఉండే ప్రభాకర్, కొడుకు కుటుంబంతో సూర్యలంక బీచిలో రెండు గదులు తీసుకుని నన్నూ రమ్మన్నాడు. గదుల ముందు ఈతకొలను, కొలను ముందు సముద్రం. పిల్లలు మూడు రోజులూ కొలనులోనే ఉన్నారు. ప్రతి బల్లమీదా నీళ్ళ సీసాలు, సగం తాగి వదిలేసినవి. సాయంత్రం నేను వాటిని లెక్కపెడుతుంటే ప్రభాకర్ చూసి, "నాన్న బుద్ధులన్నీ నీకే వచ్చాయక్కా," అన్నాడు. నేను చేతిసంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని ముందు వైపు, వెనక వైపు చదివాడు. వెనక అమ్మ పేరు ఎదురుగా ఏడుసార్లు "ఎండగా ఉంది" అని రాసి ఉంది. ఒక్క చోట కూడా "పైదే" అని రాసి వదిలేయలేదు. "రేపు పొద్దున్నే కారు తీస్తాను," అన్నాడు.

అడవులదీవి దాటాక ఇప్పుడు రోడ్డు కాలవ దాకా ఉంది. ఇంజను పడవలు ఉన్నాయి. పడవ నడిపే నడివయసు మనిషి మమ్మల్ని చూసి, "చూడ్డానికొచ్చారాండీ? మూడు పాయింట్లు చూపిస్తానండి. మడ అడవి, ఎర్ర పీతలు, మాస్టారి గొయ్యి," అన్నాడు.

ప్రభాకర్ నా వైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను.

"మాస్టారి గొయ్యి ఏంటి బాబూ?" అన్నాడు ప్రభాకర్.

"పెద్ద కథండి. పూర్వం ఒక మాస్టారు వచ్చి, ఒక్కడే, పార పట్టుకుని నలభై అడుగులు తవ్వేశాడంటండి. సముద్రం పైకొచ్చేసిందంట. మంచి బలమైన మనిషి, ఆరున్నర అడుగులంటండి."

మా అమ్మకంటే బెత్తెడు తక్కువైన మనిషి గురించి ఇలా విని, మేమిద్దరం పడవెక్కాం.

గొయ్యి అదే. ఇప్పుడు వెడల్పైంది, చుట్టూ తాటిమొద్దులు దిగ్గొట్టి ఉన్నాయి, పైన వల కప్పి ఉంది. వల కింద ఉప్పునీళ్ళలో అరచెయ్యంత మడపీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. పక్కన పీటమీద ఒక ముసలామె పీతల డెక్కలకు తాళ్ళు కడుతోంది. ఆ చేతి వేగం చూసి నేను, "కరుణా?" అన్నాను. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది. "మాస్టారి పెద్దపాపవా?" అంది. ఆ తరువాత తాడు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది, సంగతంతా చెప్పేదాకా వదల్లేదు.

ఆమె చెప్పిన సంగతి ఇది. గొయ్యి పూడ్చేద్దామని మగవాళ్ళు అంటే దీనమ్మ వద్దంది. మాస్టారు మన కోసం తవ్వాడు, ఉండనీయండి అంది. రెండేళ్ళకు కరుణ పెళ్ళయింది. ఆమె భర్త ఒకరోజు అమ్ముడుపోని పీతలు నాలుగు అందులో పడేస్తే, వారం తరువాత కూడా బతికే ఉన్నాయి. "చచ్చిన పీతను ఎవరు కొంటారు పాపా? అంతకుముందు బేరగాడి పడవ రాకపోతే పారబోసేవాళ్ళం. గొయ్యి ఉందిగా, ఇంక ఎప్పుడమ్మినా మా ఇష్టం. ఊళ్ళో పిల్లలంతా దీని మీదే చదువుకున్నారు." ఆ వెంటనే నేను ఊహించని మాట అడిగింది. "అయినా మాస్టారు మళ్ళీ రాలేదేంటి? మా మీద కోపమొచ్చిందా? మేము పర్లేదనే అన్నాం కదా. మా అమ్మ ప్రతి వేసవీ పడవల దగ్గరికెళ్ళి చూసొచ్చేది. సరిగ్గా మాట్లాడలేదేమో, మనసు నొచ్చుకుందేమోనని పోయేదాకా అనుకుంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఆ దిబ్బమీద చాటు లేదు గనక అక్కడే నిలబడి ఏడ్చాను. ఇవతల ఒక మనిషి, అవతల ఒక మనిషి, ఒకరి కోపానికి ఒకరు భయపడి అన్నేళ్ళు గడిపేశారు. మధ్యలో ఉన్నది ఒక కాలవ, రేపల్లె బస్సు, గంటన్నర రైలు. అప్పుడు చెప్పాను, యాభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పనిది. "ముందురోజే మీ అమ్మ నాకు చెప్పింది కరుణా, లోతు చెయ్యకూడదని. నేను నాన్నకు చెప్పలేదు."

కరుణ ఇంకో పీత అందుకుంది. "పన్నెండేళ్ళ పిల్ల చెబితే మాస్టార్లు ఆగుతారా?" అంది. "నేనూ వద్దనే చెప్పాను మా ఆయనకి, పీతలు వెయ్యొద్దని."

పడమటి చెలమ ఇంకా ఉందట. ఎవరూ తాగరు. నీళ్ళ క్యాన్లు పడవలో వస్తాయి, పిల్లలకు చెలమ నీళ్ళ రుచి నచ్చదు. కరుణ మాత్రం పొద్దున్నే వెళ్ళి ఒక చిప్ప తాగి వస్తుంది. తల ఊపుతావా అని అడిగాను. "చూసేవాళ్ళెవరు?" అంది.

పడవతను తొందరపెడుతున్నాడు, ఎర్ర పీతల దగ్గరికి వెళ్ళాలి. ప్రభాకర్ జేబులోంచి కాగితం తీసి, స్కేలుతో కొట్టేసిన ఒకటో అంకె మీద వేలు పెట్టాడు. పేరుంది. కథ ఉంది, కావలసినదానికంటే పెద్ద కథే ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఒడ్డునుంచి నడిచే వచ్చాం. గొయ్యి ముందు పక్కపక్కన నిలబడ్డాం. నాకంటే అడుగు పొడుగున్న తమ్ముడు అలవాటు కొద్దీ నా తరువాత నిలబడ్డాడు. ఒక నిమిషం చూశాం. తరువాత మొదట చెప్పవలసింది నేనే. గోతిలో చూడడానికి చాలా ఉంది.

"ఎండగా ఉంది," అన్నాను.

"అది అమ్మదక్కా," అన్నాడు ప్రభాకర్.

"రాసుకో," అన్నాను.